మొగులు పట్టిన ద్విపద

డిసెంబరు రాత్రి పది గంటలకు జహీరాబాద్‌లో మా మిద్దె ఎక్కి, ఏసీ మెకానిక్‌ను అడిగి తెచ్చుకున్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను నడినెత్తికి గురిపెట్టాను. చుక్కలు మిలమిలలాడుతున్న ఆకాశం సున్నాకు ఇరవై డిగ్రీల కింద చూపించింది. కాసేపటికి బీదర్ వైపు నుంచి మబ్బు తునకొకటి వచ్చి మా ఇంటి మీద ఆగింది. మళ్లీ గురిపెట్టాను. సున్నాకు ఎనిమిది డిగ్రీల పైన! కింద వాకిట్లోంచి అమ్మ అంది: "మొగులైంది బిడ్డా, ఇయ్యాల సలి తక్కువనే ఉంటది." ఆమె చేతిలో ఏ పరికరమూ లేదు.

అమ్మ అన్న ఆ మాటను లెక్కలో పెట్టే దారి చూపినవాళ్లలో నాకు ఎంతో ఇష్టమైనవాడు భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ షూస్టర్. 1905లో ఆయన అచ్చువేసిన వ్యాసం పేరును తెలుగులో ‘పొగమంచు వాతావరణం గుండా వికిరణం’ అనుకోవచ్చు. శాస్త్ర వ్యాసానికి ఇంత అందమైన పేరు నేనింకోటి వినలేదు. ఆయన ఆలోచించింది నక్షత్రాల గురించే అయినా, ఆ ఎత్తుగడ మబ్బు కమ్మిన ఏ గ్రహానికైనా అతికింది. మబ్బులో దూరిన వెలుగు ఒక నీటి బొట్టుకు తగిలి ఇటు, ఇంకోదానికి తగిలి అటు, లెక్కలేనన్ని దిక్కులకు చెదిరిపోతుంది. షూస్టర్ అన్ని దిక్కులనూ వదిలి రెండే ఉంచుకున్నాడు. పైకి పోయే ధార, కిందికి దిగే ధార. ప్రతి పొర దగ్గరా ఒక్కో ధార కొంత పోగొట్టుకుంటుంది, కొంత ఎదుటి ధారకు అప్పగిస్తుంది, పొర తన వేడికి తగినంత కలుపుతుంది. ఒక ధార సమీకరణంలోని పదం రెండోదాని సమీకరణంలో ప్రాసలా తిరిగొస్తుంది. పాల్కురికి సోమన బసవపురాణమంతా ద్విపదలో నడిపిన ధైర్యమే నాకు ఇక్కడా కనిపిస్తుంది. రెండు పాదాలు కుదిరితే చాలు, ఎంత పెద్ద కథైనా సాగిపోతుంది.

ఆ రెండు పాదాలను పట్టుకుని ఒక మబ్బులోకి వెళ్లి చూడండి. పొరలోకి వచ్చినదానికన్నా పోయేది ఎక్కువైతే అది చల్లబడుతుంది, తక్కువైతే వేడెక్కుతుంది. కిందిమబ్బు అడుగున నేల వేడి తగులుతుంటుంది. దాని పైతలం మాత్రం తన వేడిని ఆకాశానికి ధారపోస్తుంది. పైన చల్లబడిన గాలి బరువెక్కి దిగుతుంది, కిందిది పైకి లేస్తుంది. అలా మబ్బు తనలో తానే మరుగుతుంది. కదలకుండా నిలిచినట్టున్న ఆ బూడిదరంగు దుప్పటి లోపల ఇంత కలకలం!

షూస్టర్ తర్వాత నేను చేతులెత్తి మొక్కేది వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబేకు. 1964లో స్ట్రిక్లర్‌తో కలిసి ఆయన ఒక్క నిలువు గాలి స్తంభాన్ని లెక్కకు తీసుకున్నాడు. మబ్బులేని ఆకాశం కింద వికిరణం ఒక్కదానికే వదిలేస్తే నేల అరవై డిగ్రీల దాకా వేడెక్కింది. అప్పుడాయన ఒక్క నియమం చేర్చాడు. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల కంటే ఎక్కువగా చల్లబడితే గాలి తిరగబడి సర్దుకుంటుంది. నేల దాదాపు ఇరవై ఏడుకు దిగివచ్చింది, మనుషులు బతికే భూమి ప్రత్యక్షమైంది. ఆ చోట నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1967లో వెదరాల్డ్‌తో కలిసి మూడు ఎత్తుల్లో మబ్బులు పెట్టి చూస్తే, కిందిమబ్బు పెరిగినప్పుడు నేల చల్లబడింది. పైమబ్బు కింది వేడిని పూర్తిగా పట్టగలిగితే నేలను వెచ్చబరిచింది. 2021లో మనాబేకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇదే ద్విపద శుక్రగ్రహాన్నీ పాడుతుంది. అక్కడ 48 నుంచి 70 కిలోమీటర్ల ఎత్తు మధ్య గంధకామ్లపు మబ్బులు గ్రహమంతా కప్పి, వచ్చిన ఎండలో మూడొంతుల దాకా వెనక్కి కొట్టేస్తాయి. సూర్యుడికి దగ్గరగా ఉన్నా శుక్రుడు భూమికన్నా తక్కువ ఎండనే తాగుతాడు. అయినా కిందికి దిగేసరికి నేల 460 డిగ్రీలు దాటుతుంది, పగలూ రాత్రీ ఒకటే కొలిమి. మందపాటి కార్బన్ డయాక్సైడ్, దానికి తోడు ఆ మబ్బులు పైకి పోయే ధారను అడుగడుగునా ఆపి వెనక్కి పంపుతాయి. 1985లో వేగా నౌకలు వదిలిన బెలూన్లు 54 కిలోమీటర్ల ఎత్తున తేలినప్పుడు చుట్టూ ఉన్న వేడి ముప్పై డిగ్రీలకు అటూఇటూగా ఉంది. అంటే దాదాపు మా ఊరి శీతాకాలపు మధ్యాహ్నం. దాని కింద నరకం, దాని పైన చలి. మా పక్కనే ఉన్న కోహీర్‌లో మొగుల్లేని రాత్రి ఆకాశం వేడిని దోచుకుపోతుంది. శుక్రుడి మీద ఆకాశం దాన్ని వదలదు. అంకెలు మారాయి, ఛందస్సు మారలేదు.

పదకొండున్నరకు మబ్బు జరిగిపోయింది. పరికరం మళ్లీ సున్నా కిందికి జారింది. అప్పటిదాకా పొడిగా ఉన్న నల్ల నీళ్ల ట్యాంకు మూత మీద వేలితో రాశాను. గీత తడిగా పడింది.