ఉప్పు లేని ఎండుచేప

మన తీరంలో చేపను నిలవ చెయ్యాలంటే సాధారణంగా ఉప్పు, ఎండ రెండూ కావాలి. నార్వేలో, ఆర్కిటిక్ వలయానికి పైనున్న లోఫోటెన్ దీవుల్లో ఈ రెండిటి పనీ చలిగాలే చేస్తుంది. చేపలు ఆరవేసేది చలికాలం చివర. ఉప్పు రవ్వంత కూడా తగలనివ్వరు. అయినా ఆ చేప ఏళ్ల తరబడి చెడదు. నార్వేవాళ్లు దీన్ని తోర్‌ఫిస్క్ అంటారు, బయటి ప్రపంచానికి ఇది స్టాక్‌ఫిష్. వైకింగుల కాలం నుంచీ ఓడలెక్కుతున్న సరుకు ఇది. ఆ దీవులకు వెళ్లినవాళ్లు హోటల్లో ఏది అడగాలో తెలుసుకోవాలంటే, ముందు ఈ చేప ఎలా తయారవుతుందో తెలియాలి.

ఇది కాడ్ జాతి చేప. ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా, గుడ్లు పెట్టడానికి బారెంట్స్ సముద్రం నుంచి వందల కిలోమీటర్లు ఈదుకుంటూ లోఫోటెన్‌కు వస్తుంది. ఇలా వలస వచ్చిన కాడ్‌ను స్క్రెయ్ అంటారు. అంత దూరం ఈదిన చేప కాబట్టి కండ గట్టిగా ఉంటుంది. పైగా కాడ్ తన కొవ్వును కండలో కాక కాలేయంలో దాచుకుంటుంది. మన మందుల షాపుల్లో దొరికే కాడ్ లివర్ ఆయిల్ ఆ కాలేయం నుంచి తీసిందే. కండలో కొవ్వు లేదు కనుకే ఎన్ని నెలలు గాలికి వేలాడినా చేప కనరెక్కదు.

పడవ ఒడ్డుకు రాగానే తల కోసి, పొట్ట శుభ్రం చేసి, ఒకే సైజు చేపల్ని రెండేసి చొప్పున తోకల దగ్గర తాడుతో జత కడతారు. ఊరి చుట్టూ, రాళ్ల మీద, ఇంటికప్పుల కన్నా ఎత్తుగా చెక్క దండేలుంటాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు చేపలు వాటి మీదే. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం పుణ్యమా అని ఆ నెలల్లో అక్కడ చలి సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. చలి బాగా ముదిరితే కండలోని నీరు గడ్డకట్టి నారల్ని చీల్చేస్తుంది, చేప పిండిపిండిగా తయారవుతుంది. వేడెక్కితే ఈగలు వాలతాయి, కుళ్లు మొదలవుతుంది. దించిన తర్వాత గాలి ఆడే పాకల్లో మరో రెండు మూడు నెలలు మగ్గనిస్తారు. కిలో ఎండుచేపకు నాలుగైదు కిలోల పచ్చిచేప పడుతుంది.

ఆ తర్వాత వంతు వ్రాకర్‌ది. సరుకుకు తరం కట్టే మనిషి అన్నమాట. బల్ల దగ్గర నిలబడి ఒక్కో చేపనూ చేత్తో ఎత్తి చూస్తాడు. మెడ కోసిన చోటు శుభ్రంగా ఉందా, పొట్ట లోపల మరకలున్నాయా, పక్షి పొడిచిందా, మంచు దెబ్బ తగిలిందా? వేళ్లతో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, క్షణాల్లో తేల్చి పక్కకి విసిరేస్తాడు. అలా ఇరవై దాకా తరాలు తేలతాయి. మేలురకాల్లో ఎక్కువ భాగం ఇటలీకి పోతుంది. ఈ ఇటలీ బంధం పాతది. 1432లో పియెత్రో క్వెరీని అనే వెనిస్ వర్తకుడు ఓడ మునిగి లోఫోటెన్ కొసనున్న రోస్త్ దీవికి కొట్టుకొచ్చాడు. నెలల తరబడి అక్కడి జాలరుల ఇళ్లలో తలదాచుకుని, తిరిగి వెళ్తూ ఎండుచేపలు పట్టుకెళ్లాడు. ఇటలీలోని విచెన్సా పట్టణంలో నేటికీ పాలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనెతో గంటల తరబడి ఉడికించే పేరున్న వంటకం ఈ చేపతోనే చేస్తారు. విడిగా ఎండబెట్టిన తలకాయలు నైజీరియాలో పులుసుల్లో పడతాయి. లోఫోటెన్ తోర్‌ఫిస్క్‌కు 2014లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది.

ఇక తిండి. అక్కడ ఏం తినాలన్నది నెలను బట్టి ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అయితే మోల్యే అడగాలి. ఆ పూట పట్టిన స్క్రెయ్ ముక్కలు, చేపగుడ్ల సంచి, కాలేయం వేరువేరుగా ఉడికించి ఒకే పళ్లెంలో పెడతారు. ఉప్పునీళ్లు మరిగాక మంట తగ్గించి ముక్కలు వేసి, అలా వదిలేస్తారు. తెర్లనిస్తే ముక్క విరిగిపోతుంది. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, పల్చటి రొట్టె. కాలేయం వదిలిన నూనెలో ఆ రొట్టె అద్దుకుని తినాలి. అదే కాలంలో వేయించిన కాడ్ నాలుకలు కూడా దొరుకుతాయి. ఆ నాలుకలు కోసేది ఊరి పిల్లలే, ఆ డబ్బూ వాళ్లదే.

వసంతంలో బొక్నాఫిస్క్ వస్తుంది. ఇది సగమే ఆరిన చేప. పచ్చిచేప మెత్తదనం పూర్తిగా పోదు, ఎండుచేప ఘాటు అప్పుడే తగులుతుంటుంది. బఠాణీ ముద్ద, వేయించిన పందిమాంసం ముక్కలతో వడ్డిస్తారు. పంది తినని వాళ్లు ముందే చెప్పాలి. మిగతా కాలమంతా తోర్‌ఫిస్కే. ఇంచుమించు వారం రోజులు చల్లటి నీళ్లలో, రోజూ నీళ్లు మారుస్తూ నానబెడితే గానీ అది వంటకి రాదు. నానాక పొరలు పొరలుగా విడుతుంది, నమిలితే సాగుతుంది, పచ్చిచేపలో లేని పులిసిన రుచి నాలుకను పట్టుకుంటుంది. క్రిస్మస్ ముందు నెలల్లో ల్యూటెఫిస్క్ పెడతారు. అదే చేపను క్షారపు నీళ్లలో నానబెట్టి, మళ్లీ మంచినీళ్లలో కడిగి వండింది, జున్నులా వణుకుతుంది. నార్వేవాళ్లలోనే అది పడని వాళ్లు బోలెడుమంది. మొదటిసారే దాంతో మొదలెట్టకపోవడం మంచిది.

కారం, పులుపు లేని ఈ తిండి మన నాలుకకు మొదట చప్పగానే ఉంటుంది. వెంట తెచ్చుకున్న ఊరగాయ సీసా మీదికి చెయ్యి పోతుంది. ఒక్క నాలుగు ముద్దలు ఆగాలి. గాలి, కాలం కలిసి ఆ చేపకి తెచ్చిన రుచి చాలా సన్నది. ఆవకాయ తగిలితే ఇక ఏ చేపయినా ఒకటే.

స్వోల్వార్, హెనింగ్స్‌వార్ రేవుల్లో మంచి హోటళ్లున్నాయి. ఓ అనే ఏకాక్షరపు పేరున్న పల్లెలో స్టాక్‌ఫిష్ మ్యూజియమే ఉంది. చలికాలంలో చిన్న ఊళ్ల హోటళ్లు కొన్ని మూసేస్తారు, ముందే కనుక్కోవాలి. ధరలు గుండె గుభేలుమనిపిస్తాయి. పూటపూటా బయట తినలేని వాళ్లు సుత్తితో దంచి ప్యాకెట్లలో అమ్మే ఎండుచేప పీచు కొనుక్కుని, వెన్న రాసుకు తినొచ్చు. ఒక్క పూటకే స్తోమతుండి, వెళ్లింది మార్చిలో అయితే మోల్యేకే ఆ డబ్బు పెట్టండి. అది ఏప్రిల్ దాటితే దొరకదు. తోర్‌ఫిస్క్‌కి ఆ తొందర లేదు, మీరు మళ్లీ వచ్చేదాకా ఉంటుంది.