స్వీయదుఃఖం - రసానుభవం: 'బలగం', 'కేరాఫ్ కంచరపాలెం' చిత్రాలకు అభిమాని స్పందన

కీలకపదాలు: సహృదయుడు, రసవిఘ్నాలు, ప్రేక్షక స్పందన, బుడిగ జంగాల పాట, స్త్రీపాత్రలు

ఫలానా సినిమా ఎందుకు నచ్చిందని అడిగితే సినిమా అభిమాని తరచుగా తన గురించి చెప్పడం మొదలుపెడతాడు. మా తాత గుర్తొచ్చాడంటాడు. మా ఊళ్ళోనూ ఇలాగే జరిగిందంటాడు. చివరికి అది మా ఇంటి కథే అని తేల్చేస్తాడు. నటన, ఛాయాగ్రహణం, కథన నిర్మాణం వంటి మాటలు ఆ తరువాత వస్తాయి, ఒక్కోసారి అసలు రావు. ఇటువంటి స్పందనను విశ్వవిద్యాలయ పరిశోధన విమర్శగా లెక్కించదు. అభిరుచి అని పక్కన పెట్టి తన పని వేరే చోట ప్రారంభిస్తుంది. అయితే వెంకటేష్ మహా దర్శకత్వంలో 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం', వేణు యెల్దండి దర్శకత్వంలో 2023లో వచ్చిన 'బలగం' విషయంలో ఆ "మా ఇంటి కథ" అనే మాటను దాటి వెళ్ళడం సాధ్యం కాదు. ఆ చిత్రాలను అభిమానులు గుండెలకు హత్తుకున్నది ఆ మాటతోనే. వాటిలో కొన్ని పాత్రలు వాళ్ళ కంటికి ఆనకుండా పోయిందీ ఆ మాటవల్లనే.

అభినవగుప్తుని అభ్యంతరం

అలంకారశాస్త్రంలో ఈ స్పందనకు మద్దతు కంటే అభ్యంతరమే ముందుగా దొరుకుతుంది. నాట్యశాస్త్రం 6వ అధ్యాయంలోని రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ అభినవగుప్తుడు అభినవభారతిలో 7 రసవిఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో మూడవది నిజసుఖాదివివశీభావం. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై, ఎదుట ప్రదర్శితమయ్యే దానిపై మనసు నిలపలేకపోవడమే ఈ విఘ్నం. ఈ లెక్కన సొంత తాత చావును తలచుకొని కంటతడి పెట్టే ప్రేక్షకుడు తెరమీది చావును చూడటం లేదు.

దీనికి విరుగుడును కూడా అభినవగుప్తుడే చెప్పాడు. గానం, వాద్యం, రంగమంటప శోభ మొదలైనవి ప్రేక్షకుణ్ణి తన గొడవలోనుంచి బయటికి తెస్తాయి. వాటివల్ల హృదయసంస్కారం లేనివాడు సైతం సహృదయుడవుతాడని అతని అభిప్రాయం. సహృదయుడు అనగానే కావ్యాభ్యాసంతో మనసు అద్దంలా తేటపడిన పండితుణ్ణి మాత్రమే ఊహించుకొనే తరగతిగది అలవాటుకు ఈ చివరి మాట అంతగా మింగుడుపడదు. సినిమా అభిమానిని సహృదయుడిగా పరిగణించడానికి ఇంతకంటే మంచి ఆధారం అవసరం లేదు.

పదకొండోనాటి పాట

'బలగం' కథ చిన్నది. కొమురయ్య చనిపోతాడు. మూడోనాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు, ఐదోనాడూ ముట్టదు. నల్లిబొక్క దగ్గర పుట్టిన మాటపట్టింపుతో అల్లుడు నారాయణ 20 ఏళ్ళుగా అత్తవారి గడప తొక్కలేదు. కూతురు లక్ష్మికి అన్నేళ్ళూ పుట్టిల్లు లేదు. మనుమడు సాయిలు అప్పులపాలై, రాబోయే కట్నం మీద ఆశ పెట్టుకున్నవాడు. పదకొండోనాడు బుడిగ జంగాలు వచ్చి పాడతారు. పట్టింపులు కరుగుతాయి, పిట్ట ముడుతుంది.

ప్రేక్షకులు అధికంగా ఏడ్చింది ఈ పాట దగ్గరే. దీనిని తెరమీద పాడినవారు బుడిగ జంగాల కళాకారులైన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. నటులకు గాయకులు గొంతు అరువిచ్చిన పాట కాదది. వృత్తిగా పాడేవారే వచ్చి పాడిన పాట. పోయిన మనిషిని పిలుస్తూ, ఉన్నవాళ్ళు వినేలా సాగుతుంది. అభినవగుప్తుడు గానానికి అప్పగించిన పని ప్రేక్షకునిచేత సొంత దుఃఖాన్ని మరిపించడం. ఈ పాట దానికి విరుద్ధమైన పని చేస్తుంది. పోయినవాళ్ళను ఒక్కొక్కరిగా గుర్తుకు తెస్తుంది, ఆ గుర్తుకు రావడాన్ని నలుగురి మధ్యకు తెచ్చి నిలబెడుతుంది. చావింట్లో ఒకరు శోకం పెడితే పక్కనున్నావిడ తన తల్లిని తలచుకొని ఏడవడం తెలుగునాట అందరూ ఎరిగినదే. ఆమె ఏడుపు ఈ చావుకు సంబంధించింది కాదని ఎవరూ ఆక్షేపించరు. స్వీయదుఃఖం ఇక్కడ విఘ్నం కాకపోగా, సాధారణీకరణానికి తొలిమెట్టు అవుతుంది. 2023 వేసవిలో తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఈ చిత్రాన్ని ఊరుమ్మడిగా చూడటాన్ని కేవలం వ్యాపార విజయంగా కాక ఈ కోణంలో కూడా అర్థం చేసుకోవాలి. కర్మకు ఊరు కూడినట్టే సినిమాకూ కూడింది.

అయితే ఆ ఏడుపులో ఎవరికి ఎంత వాటా దక్కింది? అభిమానుల నోట తాత వినిపిస్తాడు, విడిపోయిన అన్నదమ్ములు వినిపిస్తారు. 20 ఏళ్ళు పుట్టింటి ముఖం చూడని లక్ష్మి అంతగా వినిపించదు. పంతం మగవాళ్ళది. శిక్ష అనుభవించింది ఆమె. కథ ఆ అన్యాయాన్ని దాచదు. కానీ పరిష్కారాన్ని పిట్ట ముట్టడంతో, అంటే తండ్రి ఆత్మ తృప్తితో ముడిపెడుతుంది. కూతురికి జరిగిన నష్టానికి ప్రత్యేకంగా ఎవరూ జవాబు చెప్పవలసిన అవసరం రాదు. సాయిలు కట్నం లెక్కలు సైతం హాస్యంగా మొదలై కన్నీళ్ళలో కొట్టుకుపోతాయి. తనవాళ్ళను తలచుకొని ఏడ్చిన ప్రేక్షకుడు తనవాళ్ళను క్షమించినంత సులువుగా పాత్రలనూ క్షమిస్తాడు.

చెప్పకూడని ముగింపు

'కేరాఫ్ కంచరపాలెం' మీద అభిమానుల స్పందనకు మరో ఇబ్బంది ఉంది. ముగింపు బయటపెట్టి ఇతరుల ఆసక్తిని చెడగొట్టకూడదన్న మర్యాదను అభిమానులు నిష్ఠగా పాటిస్తారు. ఫలితంగా ఆ చిత్రంలోని అతి ముఖ్యమైన విషయం వాళ్ళ మాటల్లోకే రాదు. పరిశోధకునికి ఆ మర్యాదతో పని లేదు.

బడిపిల్లలు సుందరం, సునీత, జోసెఫ్, భార్గవి, సారా దుకాణంలో పనిచేసే గడ్డం, సలీమా, 49 ఏళ్ళ అటెండర్ రాజు, ఒడిశా నుంచి వచ్చిన అధికారి రాధ. ఈ నాలుగు జంటల కథలు విశాఖపట్నంలోని కంచరపాలెంలో, ఆ ప్రాంతపు మనుషులే నటులుగా, ఏకకాలంలో జరుగుతున్నట్టు సాగుతాయి. ప్రేక్షకుడు తన వయసును బట్టి, అనుభవాన్ని బట్టి వాటిలో ఒకదానిని సొంతం చేసుకుంటాడు. నలుగురు పురుషులూ ఒక్కడేనని, ఇవి రాజు జీవితంలోని నాలుగు దశలని చివర తెలుస్తుంది. అంతవరకు నవ్వించిన రాజు నిదానం వెనుక మూడు వియోగాలు ఉన్నాయని గ్రహించిన ప్రేక్షకుడు తన తొలి స్పందనలన్నిటినీ సవరించుకోవలసి వస్తుంది. ఏదో ఒక కథను నాదనుకున్నవాడికి మిగిలిన మూడూ తనవేనని చెప్పే నిర్మాణమిది. 'బలగం'లో పాట చేసిన పనిని ఇక్కడ కథన క్రమం చేస్తుంది. నిర్మాణ కౌశలం దృష్ట్యా ఇది మరింత సాహసం కూడా.

కానీ ఆ ఒక్క క్షణంలోనే స్త్రీపాత్రల స్థాయి మారిపోతుంది. ముగింపు తెలియనంతవరకు సలీమా కథ సలీమాది. వేశ్యావృత్తిలో ఉన్న ముస్లిం స్త్రీ. ముసుగు చాటున కళ్ళు మాత్రమే కనబడే మనిషి. గడ్డంతో కలిసి బతకాలనుకొని, అది జరిగేలోగా చనిపోతుంది. ముగింపు తెలిసిన తరువాత ఆమె చావు రాజు జీవితంలో ఒక దశగా మారుతుంది. సునీత, భార్గవి సైతం అలాగే అతని గతంలోకి సర్దుకుంటారు. రెండోసారి చూసే అభిమాని సలీమా కోసం కాక, ఆమెను కోల్పోయిన మనిషి కోసం బాధపడతాడు. చిత్రం అడిగేదీ అదే.

రాధ ఒక్కతే దీనికి లొంగదు. భర్త పోయి, ఎదిగిన కూతురున్న 42 ఏళ్ళ స్త్రీగా ఆమె ఇంట్లో మాట పడుతుంది, అయినా నిర్ణయం తానే తీసుకుంటుంది. రాజు గతాన్ని ప్రేక్షకుడు గ్రహించేనాటికి ఆమె అతని ఎదుట కూర్చొని వింటూ ఉంటుంది. ఆమె దాటివచ్చిన ఏళ్ళ గురించి మాత్రం చిత్రం మరో మూడు కథలు చెప్పదు.