ముందే వెళ్లి కూర్చున్న ఇల్లు

వయొలిన్ నేర్చుకునే రోజుల్లో, కోనసీమలో ఒక ఊరి రామాలయంలో శ్రీరామనవమి కచేరీకి పక్కవాద్యం కూర్చున్నాను. పాడే పెద్దాయన మోహన రాగం ఆలాపన చేస్తున్నారు. పంచమం మీద ఆగారు. ఆ ఆగడం చూసి నా చెయ్యి ఊరుకోలేదు, పై షడ్జమం దాకా పరుగెత్తాను. కచేరీ అయ్యాక, తాంబూలం చేతిలో పట్టుకుని, నెమ్మదిగా అన్నారాయన: "నేనెళ్లబోయే ఇంటికి నువ్వు ముందే వెళ్లి కూర్చున్నావేంట్రా, అబ్బాయ్!"

ఆ మాట ఇప్పటికీ కమాను పట్టుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది.

పాశ్చాత్యుల చాంబర్ సంగీతంలో, స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కూర్చుంటాయి. కర్ర ఊపే నాయకుడు ఉండడు. ఒకరి ఊపిరి ఒకరు కనిపెట్టుకుని వాయిస్తారు. చెల్లో అడుగున ఉండి మోస్తుంది. మన దగ్గర ఆ బరువు పక్కవాద్యానిది. పైగా ఎదురుగా రాసిన కాగితం ఉండదు. గాయకుడు ఇప్పుడే పుట్టించిన సంగతిని విని, దాని తోక పట్టుకుని నడవాలి.

ఈ విద్యలో నాకు మొదట తోచే పేరు అన్నవరపు రామస్వామి గారు. 1926లో పశ్చిమగోదావరి సోమవరప్పాడులో పుట్టారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. విజయవాడ ఆకాశవాణిలో దశాబ్దాల కొలువు, 2021లో పద్మశ్రీ. సోలోలు ఎన్ని వాయించినా, నాకు మాత్రం ఆయన బాలమురళీకృష్ణ గారి పక్కనే కనిపిస్తారు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారూ పంతులు గారి శిష్యులే. ఆయన స్వయంగా వియోలా మీద కచేరీలు చేసినవారు. కమాను తెలిసిన గాయకుడి పక్కన కమాను పట్టడం మామూలు పరీక్ష కాదు. ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ తప్పించుకున్నారో ఆయనకు ఇట్టే తెలిసిపోయేది.

మన వయొలిన్‌ను గుండెకూ కుడి పాదానికీ మధ్య ఆనించి పెట్టుకుంటాం. బరువు మోసే పని తప్పడంతో ఎడమ చెయ్యి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది, గమకం పలుకుతుంది. చేతికి ఆ స్వేచ్ఛ ఒకటి రెండేళ్లలో వచ్చేస్తుంది. దాన్ని ఆపుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ మధ్య రోజూ అరగంట, వయొలిన్ పెట్టె తెరవకుండా, పాత కచేరీ రికార్డింగులు వింటున్నాను. స్వరాల మీద కాదు, కమాను ఆగిన చోట్ల మీదే నా చెవి. నిన్న ఒక మోహనలో గాయకుడు పంచమం మీద నిలబడ్డారు. వయొలిన్ కదల్లేదు. తంబూరా ఒక్కటే మోగుతోంది.