కాల్చిన మన్ను, కొత్త సిమెంటు: ఒక విమర్శ

పాత కోటగోడలను, చెరువు తూములను పరిశీలించినవారికి డంగు సున్నము సంగతి కొత్త కాదు. సున్నమును ఇసుకతో కలిపి గానుగలో నూరించి, నీటి తాకిడి ఉన్నచోట అందులో కాల్చిన ఇటుకల పొడి, అనగా సుర్కీ, చేర్చెడివారు. 1895లో పూర్తియైన ముల్లపెరియార్ ఆనకట్ట అట్టి సున్నము, సుర్కీల కట్టడమే. ఉత్త సున్నము గాలి తగిలిననే గట్టిపడును. సుర్కీ చేరిన సున్నము నీటిలో కూడ గట్టిపడును. ఈ పాత అనుభవమునకు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ శతాబ్దములో కొత్త రూపము కల్పించిరి. దాని పేరు ఎల్‌సి3. క్లింకరుతో పాటు కాల్చిన బంకమన్ను, సున్నపురాయి పొడి కలిసిన సిమెంటు. ఈ కృషిలో మెచ్చదగినది ఎంత, మిగిలియున్న పని ఎంత అని విచారించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

చిక్కు ఎక్కడ?

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండు సిమెంటుకు పేటెంటు పొందెను. నేటి సిమెంటులో ప్రధాన భాగము క్లింకరు. సున్నపురాయిని, మన్నును కలిపి సుమారు 1450 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో కాల్చగా అది ఏర్పడును. విద్యార్థులు ఇచట ఒక చిన్న లెక్క కట్టవలెను. స్వచ్ఛమైన సున్నపురాయి 100 గ్రాములు పూర్తిగా కాలినచో 56 గ్రాముల పొడిసున్నము మిగులును. 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. కొలిమిలో బొగ్గు మాని విద్యుత్తునే వాడినను ఈ 44 గ్రాములు తప్పవు. ఎందుకనగా అవి ఇంధనమునుండి కాదు, రాతినుండియే వచ్చినవి. ప్రపంచములో ఏటా సుమారు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారగుచున్నది. మానవుని పనులవలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో నూటికి 7, 8 పాళ్లు దీనివలననే.

పరిశోధకుల ఉపాయము

స్విట్జర్లండులోని లోజాన్ సాంకేతిక విద్యాపీఠమునకు చెందిన కారెన్ స్క్రివెనర్, క్యూబాలోని లాస్ వియాస్ కేంద్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ఫెర్నాండో మార్టిరేనా సహచరులతో కలిసి 2012లో ఒక పత్రము ప్రకటించిరి. నూటికి 45 పాళ్లు సిమెంటును తగ్గించి, దాని స్థానములో 30 పాళ్లు కాల్చిన మన్ను, 15 పాళ్లు సున్నపురాయి పొడి వేసినను 7 దినములకు, 28 దినములకు బలము తగ్గలేదని వారు చూపిరి. తరువాత ఢిల్లీ, మద్రాసు, బొంబాయి ఐ.ఐ.టి.లు కూడ ఈ కృషిలో పాలుపంచుకొనినవి.

ఇందలి కిటుకు సులభముగ బోధపడును. కేయొలినైటు అను ఖనిజము గల మన్నును 700 నుండి 850 డిగ్రీల వరకు వేడిచేసినచో అందలి నీరు మాత్రమే పోవును. బొగ్గుపులుసు వాయువు పుట్టదు. మిగిలిన పొడి చురుకైనది. సిమెంటు నీటితో కలిసినపుడు పుట్టు తడిసున్నముతో అది చర్య జరిపి జిగురువంటి కొత్త పదార్థమును ఇచ్చును. అందలి అల్యూమినా మరియొకవైపు సున్నపురాయి పొడితో కలిసి స్ఫటికములై సందులను పూడ్చును. రెండు పొడులు ఒకదానికొకటి సాయపడుటయే ఇందలి విశేషము. మన్నులో కేయొలినైటు నూటికి 40 పాళ్లున్న చాలును గనుక పింగాణీకి పనికివచ్చు మేలిరకము మన్ను అక్కరలేదు. ఉప్పునీటి లవణములు లోనికి చొరబడుటను ఈ సిమెంటు బాగుగ అడ్డుకొనును. సముద్రతీరము పొడవుగా గల ఆంధ్రదేశమునకు ఇది చిన్న లాభము కాదు.

మన ఆక్షేపణలు

మొదటిది పోలికను గూర్చి. బొగ్గుపులుసు వాయువు నూటికి 30 నుండి 40 పాళ్లు తగ్గునని చెప్పుచున్నారు. ఈ లెక్క సాధారణ పోర్ట్‌లాండు సిమెంటుతో పోల్చి చెప్పినది. కాని మన దేశములో అమ్ముడగు సిమెంటులో అధికభాగము థర్మల్ కేంద్రముల బూడిద కలిసినది. దానిలో క్లింకరు ముందే తగ్గియున్నది. దానితో పోల్చినచో లాభము తక్కువే. దేనితో పోల్చితిమో చెప్పని శాతము సగము సత్యమని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

రెండవది నీటిని గూర్చి. కాంక్రీటులో సిమెంటుకు నీరు ఏ పాళ్లలో కలిసినదో దానిపైననే బలము ఆధారపడునని డఫ్ ఏబ్రమ్స్ 1918లో షికాగోలోని లూయీస్ విద్యాసంస్థ పక్షమున ప్రకటించెను. కాల్చిన మన్ను మిక్కిలి మెత్తని పొడి. నీటిని ఎక్కువగా కోరును. ప్రయోగశాలలో దీనికి విరుగుడుగా రసాయనద్రవములను కొలిచి పోయుదురు. పనిచోట కాంక్రీటు బిగిసినట్లు తోచగానే మరియొక బకెట్టు నీరు పోయుట మనము చూచుచున్నదే. ఆ బకెట్టుతో పరిశోధకుని శ్రమ కొట్టుకొనిపోవును.

మూడవదియే అన్నిటికంటె ముఖ్యము. ప్రయోగశాలలో కాంక్రీటు ఘనములను 28 దినములు నీటిలో ఉంచి పరీక్షింతురు. ఇంటి స్లాబుకు ఎన్ని దినములు నీళ్లు పట్టుదురు? కొత్త సిమెంటులో తడిసున్నము తక్కువగా మిగులును గనుక గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోనికి త్వరగా పాకును. అది పాకినచోట కాంక్రీటు క్షారగుణము తగ్గి, ఇనుప కడ్డీలకు రక్షణ పోవును. కడ్డీ తుప్పుపట్టి ఉబ్బినచో పైపెచ్చు ఊడిపడును. క్రింద ఉన్నవాని ప్రాణమునకే ముప్పు. 60 సంవత్సరములు నిలువవలసిన ఇల్లు 30 సంవత్సరములకే కూలినచో మరల కట్టవలెను. అప్పుడు ఆదా చేసిన వాయువంతయు తిరిగి గాలిలో కలియును.

కనుక కొత్త సిమెంటు పరిశోధన పొడితో ముగియరాదు. ఇసుక, కంకర కలుపు కూలీకి, స్లాబు పోయు మేస్త్రీకి, బిల్లు వ్రాయు ఓవర్సీయరుకు అది అందవలెను. నీరు పట్టుటకు విడిగా కూలి, దినములు ఒప్పందములో వ్రాయించుట కూడ విజ్ఞానశాస్త్రములో భాగమే. భారత ప్రమాణముల సంస్థ 2023లో ఈ సిమెంటుకు ప్రమాణపత్రము వెలువరించినది. 2012 పత్రమునకు ఇది పదునొకండేండ్ల తరువాతి మాట. ఆలస్యమని కొందరందురు. ఇంటికప్పు విషయములో తొందరకంటె ఈ ఓర్పే మేలు.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని తమ బడిలోనే పరీక్షింపవచ్చును. కుండపెంకుల మెత్తని పొడి రెండు పాళ్లు, తడిసున్నము ఒక పాలు కొద్ది నీటితో కలిపి నాలుగు అగ్గిపెట్టెలలో నింపవలెను. కాల్చని బంకమన్నుతో మరి నాలుగు చేయవలెను. ఒక్కొక్క రకములో రెంటిని తడిగుడ్డలో, రెంటిని ఎండలో నాలుగు వారములు ఉంచి, మేకుతో గీచి చూడవలెను. సున్నము కంటబడకుండ జాగ్రత్త వహింపవలెను. కాల్చుట ఏమి చేసినదో, తడి ఏమి చేసినదో పిల్లలు స్వయముగ గ్రహింతురు. విశ్వవిద్యాలయము మొదటి ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినది. రెండవ ప్రశ్నకు సమాధానము పనిచోటనే దొరకవలెను.