రోమన్ నాణెం: కొనేవారికి కావలసిన చూపు

ప్రాచీన రోమన్ నాణేలను సేకరించేవారిలో తూకాన్నీ లోహాన్నీ చూసి కొనేవారు కొందరైతే, అచ్చు చెక్కిన చేతిని చూసి కొనేవారు కొందరు. రసజ్ఞులనదగినవారు ఈ రెండో తెగవారే. క్రీ.పూ. 211 ప్రాంతంలో దినారియస్ అనే వెండి నాణెం పుట్టిన నాటి నుంచి టంకశాలల పద్ధతి పెద్దగా మారలేదు: కంచుతోనో ఇనుముతోనో చేసిన దిమ్మె మీద కుడిఎడమలు తారుమారుగా రూపాన్ని లోతుగా చెక్కి, బొమ్మవైపు దిమ్మెను దాగలిలో బిగించి, దానిపై లోహపు బిళ్లను ఉంచి, బొరుసువైపు దిమ్మెను చేతపట్టి సుత్తితో మోదేవారు. అందువల్ల ఒకే దిమ్మె మీద పుట్టిన నాణేలు కూడా అచ్చంగా ఒక్క తీరున ఉండవు. ఒకదానిలో అక్షరాలు అంచు దాటిపోతే మరొకదానిలో గడ్డం సగమే పడుతుంది.

ఈ కళకు పరాకాష్ఠ నీరో కాలపు సెస్టెర్షియస్ అనే పెద్ద ఇత్తడి నాణెం. ఓస్టియా రేవును చూపే నాణెంలో, సుమారు మూడున్నర సెంటీమీటర్ల వెడల్పులోనే, వంపు తిరిగిన రేవుగట్లనూ, వాటి నడుమ కిక్కిరిసిన ఓడలనూ, కింద ఒరిగి కూర్చున్న జలదేవతనూ ఇమిడ్చిన ఆ నేర్పును ఎంత పొగిడినా తక్కువే. క్రీ.శ. 54లో కుర్రతనంతో కనిపించిన నీరో ముఖం పదేళ్లు తిరిగేసరికి మెడ బలిసి, చుబుకం కింద కండ జారి కనబడుతుంది. ఏలినవారి ముఖంలో ఇంత నిజాన్ని చెక్కిన ఆ పనివారు తమ పేరు మాత్రం ఎక్కడా చెక్కుకోలేదు. కాన్‌స్టాంటైన్ తెచ్చిన సాలిడస్ అనే బంగారు నాణెం రోమన్ పౌండుకు 72 చొప్పున తూగి శతాబ్దాలపాటు నమ్మకం నిలుపుకున్నమాట నిజమే గాని, దానిమీది బిగుసుకుపోయిన ముఖాలను నీరో, హేడ్రియన్‌ల ముఖాల సరసన నిలబెట్టడం సాహసమే అవుతుంది.

కొనేముందు భూతద్దంతో చూడవలసినది నాణెం అంచు. సుత్తిదెబ్బ తిన్న లోహం నడుమ నుంచి అంచుకు పాకిన సన్నని చారలు, దెబ్బకు చిట్లిన నెర్రెలు అసలు నాణెంలో కనిపించవచ్చు. కరిగిన లోహాన్ని మూసలో పోసి చేసిన పోత నాణెంలో గాలిబుడగల గుంటలు, అంచు చుట్టూ అతుకుగీత, సబ్బుబిళ్ల వంటి నునుపు కనిపిస్తాయి. రాగి బిళ్లకు వెండి రేకు తొడిగిన మోసాలు రోమన్ల కాలంలోనే ఉన్నాయి. 16వ శతాబ్దంలో పాడువా నగరపు జొవాన్ని దా కవీనో, 19వ శతాబ్దారంభంలో జర్మన్ దేశస్థుడు బెకర్ చేసిన అనుకరణలు పేరుమోసినవి. బెకర్ తన కొత్త నాణేలకు పాతదనం రావడానికి వాటిని ఇనుపరజను పెట్టెలో వేసి బండికి కట్టి తిప్పేవాడని చెబుతారు. వారు స్వయంగా దిమ్మె చెక్కగలిగిన ఘనులు. నేటి నకిలీగాళ్లకు ఆ పాటి విద్య కూడా లేదు. అంతకన్నా ఘోరం, అరిగిన అసలు నాణేన్ని కొత్తగా ఉలితో గీకి, జుట్టు పాయలు దిద్ది, సహజమైన ఆకుపచ్చ చిలుమును రాల్చి రంగు పూసి అమ్మడం. రెండువేల ఏళ్లు నిలిచిన పనితనాన్ని ఒక్క పూటలో చంపే ఈ పనిని మరమ్మతు అనడం సిగ్గుచేటు.

నాణెం ఎంత మేలిదైనా, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే పత్రాలు లేకపోతే కొనరాదు. సీజర్ హత్యను చాటుకుంటూ బ్రూటస్ వేయించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లకు పైగా పలికి, దాని పూర్వచరిత్ర కల్పితమని తేలాక 2023లో గ్రీసుకు చేరింది. భారతదేశంలో 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే; దాని వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించరాదు.

తెలుగు నేలకు ఈ నాణేలు పరాయివి కావు. నల్లగొండ ప్రాంతపు అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు వెయ్యికి మించి దొరికాయి. భారతదేశంలో దొరికిన కొన్ని రోమన్ నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. ఆ గాటును లోపమని ధర తగ్గించేవారు దాని విలువ ఎరగనివారే. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతుండగా బయటపడిన కుండలోని రోమన్ బంగారు నాణేలను రైతు పాత బంగారంగా అమ్మివేశాడు; చాలావరకు కరిగిపోగా ముప్పైకి పైగా మాత్రమే తిరిగి దక్కాయి. దున్నేటప్పుడో పునాది తవ్వేటప్పుడో ఇలాంటిది దొరికినవారు కంసాలి కుంపటి వైపు గాక, 1878 నాటి నిధుల చట్టం చెప్పినట్టు కలెక్టరు కార్యాలయం వైపు నడవాలి.