‘జ్ఞానం’ అన్ని కంప్యూటర్లలోనూ నిలవాలంటే

కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవుకు దగ్గరలో ఏక్‌బాల్‌పూర్ ఉంది. ఉర్దూ, బెంగాలీ, హిందీ కలగలిసి వినిపించే పేట అది. అక్కడున్న మిత్రునికి మీరు ‘జ్ఞానం’ అనే మాట పంపారనుకోండి. ఆయన దాన్ని ఆండ్రాయిడ్ ఫోనులో చూడవచ్చు, ఐఫోనులో చూడవచ్చు, జెరాక్సు దుకాణంలోని విండోస్ కంప్యూటరులో అచ్చు తీయించవచ్చు. అన్నిచోట్లా ఆ మాట ఒకేలా కనిపించాలని మీరు ఆశిస్తారు. ఆ ఆశ ఎంతవరకు నెరవేరుతోంది?

కంప్యూటరుకు ‘జ్ఞానం’ ఆరు సంకేతాల వరుస: జ, పొల్లు, ఞ, దీర్ఘం, న, సున్న. ఒత్తు ఎక్కడ పడాలో, దీర్ఘం ఎక్కడ చేరాలో నిర్ణయించేది ఒక ప్రత్యేక ప్రోగ్రాము. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ వారి ప్రోగ్రాము ఈ పనిలోనే చతికిలబడింది. ‘జ్ఞా’లో ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం చేరితే చాలు, ఐఫోనులో ఆ సందేశం తెరిచిన అప్లికేషన్ మూతపడేది. కొన్ని బెంగాలీ కూర్పులకూ ఇదే గతి పట్టింది. ఆపిల్ అదే నెలలో సవరణ విడుదల చేసింది. సోర్స్ కోడ్ చేతిలో లేని బయటివారు లక్షణాలను బట్టి రోగాన్ని ఊహించగలిగారే గాని మందు వేయలేకపోయారు.

‘అందుకే ఓపెన్ సోర్స్ మేలు’ అంటారు మనవాళ్లు. అది సగం నిజమే. లిబ్రేఆఫీస్ మొదటినుంచీ ఓపెన్ సోర్సే. అయినా 2017లో 5.3 వెర్షన్ వచ్చేదాకా లినక్స్, విండోస్, మాక్‌లలో అక్షరాల కూర్పుకు వేర్వేరు ప్రోగ్రాములను వాడేది. ఆ తరువాతే అన్నిటా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము వచ్చింది. అప్పటినుంచి తప్పును ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్లే.

హార్ఫ్‌బజ్ ప్రధాన రూపకర్త బెహ్దాద్ ఎస్ఫాబోద్ వికీపీడియా నుంచి సుమారు 9.7 లక్షల తెలుగు మాటలు తీసుకుని, తన ప్రోగ్రాము ఫలితాన్ని విండోస్ వారి యూనిస్క్రైబ్‌తో పోల్చి చూశారు. చివరకు తేడా వచ్చినవి వందలోపే. ఇది మెచ్చదగిన పనే. కాని పాఠకులు ఒక సంగతి గమనించాలి. యూనిస్క్రైబ్‌తో ఏకీభవించడం వేరు, తెలుగు సరిగా ఉండడం వేరు. గురువుగారి జవాబే తప్పయితే శిష్యునికి వందకు వంద వచ్చినా ఏం లాభం? పైగా ఆపిల్‌ను పడగొట్టినలాంటి కూర్పు మామూలు రచనలో దాదాపు కనిపించదు. అలాంటివాటి కోసం హార్ఫ్‌బజ్‌కు యంత్రాలతో అడ్డదిడ్డమైన సంకేతాలు కూడా ఇచ్చి పరీక్షిస్తున్నారు. ప్రోగ్రాము కూలితే యంత్రం పసిగడుతుంది. ఒత్తు తప్పుచోట పడితే మాత్రం తెలుగు చదివేవారే పట్టుకోవాలి.

మన లోపం ఇక్కడే ఉంది. ఫాంటునో కీబోర్డునో ఉచితంగా ఇచ్చి చేతులు దులుపుకుంటున్నాం. దాన్ని ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లో తిరిగి తయారుచేసే విధానమూ, పరీక్షించే మాటల జాబితా జతపరచకపోతే, రచయిత విసిగిన నాడే అది మూలపడుతుంది.

ఈసారి మీకు ఒక మాట తప్పుగా కనిపిస్తే ఫోటో తీసి నవ్వుకుని వదిలేయకండి. ఆ మాట, ఫాంటు, ఆపరేటింగ్ సిస్టమ్, వెర్షన్ రాసి తయారుచేసినవారికి పంపండి. ఒకసారి పరీక్షగా చేరిన మాట ప్రతి కొత్త వెర్షన్‌కూ కాపలా కాస్తుంది.