వీరాస్వామయ్య చూపు

భోగాపురం అంటే ఇప్పుడందరికీ విమానాశ్రయమే. నాకు మాత్రం ఆ హైవే ఎక్కినప్పుడల్లా ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తాడు. 1830 మేలో చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ సేవించుకుని, పూరీ మీదుగా ఈ ఉత్తరాంధ్ర సీమ దాటి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు.

గుళ్లూ గోపురాలతో సరిపెట్టుకోలేదాయన. మజిలీ ఊళ్లో నీళ్లెలాంటివి, అంగట్లో ఏం దొరుకుతాయి, దారి ఇసుకా రేగడా, ఏరు దాటేదెలా... ఎంత ఓపిక! వెనకొచ్చే బాటసారికి పనికొచ్చే సంగతులే ఏరుకున్నాడు. మిత్రుడు శ్రీనివాసపిళ్లకు ఉత్తరాలుగా పంపాడు. అవే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. చదివేది స్నేహితుడు కనుకే ఆ మాటల్లో అంత చనువు.

ఇప్పుడు భోగాపురం దగ్గరి ముక్కాం ఊరి తీరాన పడవలు ఒడ్డుకొచ్చే వేళ ఆయనే నిలబడితే, ముందుగా మంచినీళ్ల బావెక్కడని అడిగేవాడు.